ఫోర్‌ఫ్రొయ్‌డ: ముందే సంబరపడటానికి మన దగ్గర మాట ఉందా?

#1 | లైప్‌జిగ్ బావ | డిసెంబర్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఒక మాట పొద్దుట్నుంచీ బుర్ర తినేస్తోంది, ఇక్కడ భాష తెలిసినవాళ్ళున్నారు కదా అని పెడుతున్నా.

సంక్రాంతికి ఇంటికెళ్దామని ఆగస్టులోనే టికెట్లు కొన్నాను. ప్రాజెక్టు గొడవల్లో పండగకి కదిలే పని లేదని పోయిన వారం తేలింది. ఫిబ్రవరి 7కి మార్చుకున్నాను, మార్చినందుకు కట్టిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతోంది. ఇవాళ మొహం వేలాడేసుకుని కాఫీ మిషన్ దగ్గర నిలబడితే మా టీమ్‌లో పెద్దావిడ వచ్చింది. అరవై దాటాయి, రిటైర్మెంటుకి ఇంకెన్ని వారాలో టేబుల్ మీది క్యాలెండర్లో రోజూ కొట్టేసుకుంటూ ఉంటుంది. విషయం కనుక్కుని "ఫోర్‌ఫ్రొయ్‌డ ఇస్ట్ డీ షోన్‌స్ట ఫ్రొయ్‌డ" అనేసి కప్పు పట్టుకుని వెళ్ళిపోయింది. సంతోషాలన్నిట్లోకీ ముందస్తు సంతోషమే గొప్పది అని ఈ జర్మన్ల సామెత. నాకు ఒళ్ళు మండింది. నా పండగ పోయి నేనేడుస్తుంటే సామెతేంటి?

కానీ ఇంటికొచ్చి చూస్తే మా పాప (అయిదేళ్ళు) అడ్వెంట్ క్యాలెండర్ ముందు కూర్చుని ఉంది. తెలియనివాళ్ళకి: అట్ట మీద 24 చిన్న తలుపులుంటాయి, డిసెంబర్ 1 నుంచి క్రిస్మస్ ముందురోజు దాకా రోజుకొకటి తెరవాలి, లోపల ఓ చాక్లెట్టో బొమ్మో ఉంటుంది. ఇవాళ్టి తలుపు పొద్దున్నే తెరిచేసింది. ఇప్పుడు 3వ నంబరు తలుపు మీద వేలు పెట్టి నొక్కుతోంది, అట్ట ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది, తెరవట్లేదు మాత్రం. తెరవొచ్చుగా, ఎవరూ చూడట్లేదుగా అన్నాను. నన్ను దొంగని చూసినట్టు చూసింది.

ఫోర్ అంటే ముందు, ఫ్రొయ్‌డ అంటే సంతోషం. దీన్ని తెలుగులో ఏమనాలి? ఎదురుచూపు అంటే అందులో ఏడుపు ఉంది. ఆత్రం అంటే తిట్టినట్టు. ఉబలాటం అంటే వెటకారం. మీకేమైనా తడితే చెప్పండి.

#2 | గోదారిగట్టు | డిసెంబర్ 2, రాత్రి 10:05

ఉవ్విళ్ళూరడం ఉందిగా బావా. సింపుల్.

#3 | ఊరికే వచ్చా | డిసెంబర్ 2, రాత్రి 10:11

ఉవ్విళ్ళూరడం పేపర్లో తప్ప ఎవరైనా అనగా విన్నారా? "అమ్మా, నేను ఫిబ్రవరికి ఉవ్విళ్ళూరుతున్నాను" అని ఫోన్ చేసి చెప్పండి, డాక్టర్‌కి చూపించుకోమంటుంది.

అసలు జర్మన్ వాళ్ళకి పనేముంది, రెండు మాటలు అతికించడం, అబ్బా ఎంత లోతైన భాషో అని మనం నోరు తెరవడం. పక్కవాడు జారిపడితే వచ్చే సంతోషానికీ ఇలాగే అతికించుకున్నారు కదా, షాడెన్‌ఫ్రొయ్‌డ అని. మనమూ అతికిద్దాం, ముందానందం. అయిపోయింది, తాళం వేసేయండి.

#4 | పాత పోస్టుమాస్టరు | డిసెంబర్ 3, ఉదయం 5:50

అతికించవచ్చు నాయనా, కానీ జనం నోట్లో నానాలి కదా.

నా ఉద్దేశంలో మన భాషలో ఈ భావం లేక కాదు, పెద్దలకి దీని మీద అనుమానం ఎక్కువ. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అన్నది ఎవర్ని? ముందే సంబరపడ్డవాణ్ణే. ముందుగా మురిసిపోయేవాణ్ణి చూసి నవ్వడానికి మనకి సామెతలున్నాయి, వాడిని మెచ్చుకునేది మాత్రం నాకు చప్పున తట్టటం లేదు. ఇక వేచి ఉండటం గురించి మాట్లాడితే కళ్ళు కాయలు కాయడం, వెయ్యి కళ్ళతో చూడడం, అన్నీ కంటి జబ్బులే.

ఒక్క "ముచ్చట" మాత్రం కొంత దగ్గర. "వాడొస్తాడని ముచ్చటపడుతోంది" అంటే అందులో ఏడుపు లేదు చూడండి. అయితే ముచ్చట అన్నది కోరికకీ, వేడుకకీ, కొన్ని ప్రాంతాల్లో వట్టి కబుర్లకీ కూడా వాడతాం కాబట్టి, కొలిచినట్టు సరిపోదు.

ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసులో కూర్చున్నాను. ఉత్తరం వస్తుందో రాదో తెలియనివాడు కిటికీ దగ్గరకొచ్చి "ఏమన్నా ఉందాండీ" అని అడిగేవాడు. ఫలానా తేదీకి మనియార్డరు వస్తుందని తెలిసినవాడు అడిగేవాడు కాదు. ఊరికే వచ్చి, బల్ల మీద కూర్చుని, వర్షాల గురించి మాట్లాడి పోయేవాడు. ఆ రెండోవాడి మొహంలో ఉండేదే మీ జర్మను మాట అనుకుంటాను.

#5 | వరంగల్ తంగేడు | డిసెంబర్ 3, మధ్యాహ్నం 1:20

మాస్టారు చెప్పింది బాగుంది. నేను నర్సింగ్ చేసి జర్మనీ పోదామని హైదరాబాద్‌లో బీ1 (జర్మన్ భాషలో మధ్యస్థాయి) క్లాసులకి పోతున్నా. ఈ ఫ్రొయ్‌డ కుటుంబం నా ప్రాణం తీసింది.

వాళ్ళకి నామవాచకం ఒక్కటే కాదు, క్రియలోనే తేడా ఉంది. సంతోషపడుడు అనే క్రియ ఒకటే, పక్కన పెట్టే చిన్నమాటని బట్టి కాలం మారిపోతది. "ఆవుఫ్" పెడితే ఇంకా రానిదాని గురించి సంతోషం. "ఊబర్" పెడితే వచ్చేసినదాని గురించి. అంటే బహుమతి పెట్టెలో ఉన్నప్పుడు ఆవుఫ్, విప్పినాక ఊబర్. నేను పరీక్షలో "మీ ఉత్తరం వచ్చినందుకు సంతోషం" అని రాయాల్సిన దగ్గర ఆవుఫ్ పెట్టిన, మా టీచరమ్మ ఎర్రపెన్నుతోటి "ఉత్తరం ఇంకా రాలేదా?" అని రాసింది.

తెలుగుల రెండిటికీ "సంతోషంగా ఉంది" అనే అంటాం కదా. "మీరొస్తున్నందుకు సంతోషం", "మీరొచ్చినందుకు సంతోషం". మనకి ఆ తేడా క్రియ చూస్కుంటది, సంతోషం మారదు.

#6 | లైప్‌జిగ్ బావ | డిసెంబర్ 3, రాత్రి 8:02

తంగేడు గారూ, ఏడేళ్ళ నుంచి ఇక్కడున్నా, ఈ ఆవుఫ్, ఊబర్ సంగతి ఇంత శుభ్రంగా నాకెవరూ చెప్పలేదు. ఆఫీసు మెయిళ్ళన్నిట్లో చివర "మీ జవాబు కోసం సంతోషిస్తున్నాం" అని ఆవుఫ్‌తో ఉంటుంది, అలవాటుగా కాపీ కొట్టేవాణ్ణి.

మాస్టారూ, మీ రెండోవాడు అచ్చం మా పెద్దావిడే.

#7 | గుంటూరు ఘాటు | డిసెంబర్ 3, రాత్రి 9:15

మీరంతా ఎక్కడెక్కడో వెతుకుతున్నారు, డిసెంబర్లో మా గుంటూరు రండి. మాది లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) కుటుంబం, తాతల నాటి నుంచి. 1842లో గుంటూరొచ్చిన హెయర్ అనే పాదిరీ దొరగారు అమెరికా మిషన్ తరఫున వచ్చినా పుట్టింది జర్మనీలోనే, హెల్మ్‌స్టెట్ అనే ఊళ్ళో. కాబట్టి బావా, నీ అడ్వెంట్ మాకు కొత్త కాదు. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలూ మా గుడిలో లెక్కే. క్యాథలిక్కులు ఆగమనకాలం అంటారు, చక్కటి మాట.

దానికన్నా పెద్ద సంగతి, మేము కనిపెట్టింది, సెమీ క్రిస్మస్! డిసెంబర్ మొదలైతే ఈ కాలేజీలో, ఆ ఆఫీసులో, వీధి చివర, అన్నిచోట్లా సెమీ క్రిస్మసే. కేకు కోస్తారు, పాటలు, బిరియానీ. ఇంకా ఇరవై రోజులుండగానే క్రిస్మస్ చేసేసుకుంటారు. అసలు క్రిస్మస్ నాటికి మా తమ్ముడికి కేకు మొహం చూస్తే వికారం. జర్మన్ వాడు ముందు సంతోషిస్తాడు, మనం ముందే తినేస్తాం.

#8 | ఊరికే వచ్చా | డిసెంబర్ 3, రాత్రి 9:22

ఆ చివరి వాక్యానికి నా ఓటు.

#9 | లైప్‌జిగ్ బావ | డిసెంబర్ 3, రాత్రి 11:30

ఘాటు అన్నా, సెమీ క్రిస్మస్ సంగతి పెద్దావిడకి చెప్పాలి, తట్టుకోలేదేమో. ఇక్కడ నియమం అంటే నియమం.

నువ్వు నాలుగు ఆదివారాలన్నావని చెప్తున్నా. మొన్న ఆదివారం మా ఇంట్లోనూ మొదటి కొవ్వొత్తి వెలిగించాం, పాప స్కూల్లో కట్టుకొచ్చిన పచ్చకొమ్మల చక్రం మీద. దాని కథ హాంబుర్గ్‌ది. యోహాన్ హిన్‌రిఖ్ వీఖెర్న్ అనే ఆయన అక్కడ దిక్కులేని పిల్లలకి ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే 1839లో ఓ చెక్క చక్రానికి కొవ్వొత్తులు గుచ్చి వేలాడదీశాడట, మామూలు రోజులకి చిన్నవి ఎర్రవి, ఆదివారాలకి పెద్దవి తెల్లవి. రోజుకొకటి వెలిగించడమే. పిల్లలకి అంకెలు రాకపోయినా వెలుతురు పెరుగుతుంటే తెలిసిపోతుంది కదా. ఇప్పుడు ఇళ్ళల్లో నాలుగే పెడుతున్నారు.

క్యాలెండర్ తర్వాత వచ్చింది. అంతకు ముందు ప్రొటెస్టెంట్ ఇళ్ళల్లో తలుపు మీద సుద్దతో 24 గీతలు గీసేవాళ్ళట, పిల్లలు రోజుకొకటి చెరిపేవాళ్ళు. దాన్ని అచ్చు వేసి అమ్మడం మొదలుపెట్టింది మ్యూనిక్‌లో గేర్‌హార్ట్ లాంగ్, గత శతాబ్దం మొదట్లో. చిన్నప్పుడు వాళ్ళమ్మ అట్టకి 24 బిస్కెట్లు కట్టి ఇచ్చేదని, ఆ జ్ఞాపకంతోనే చేశాడని చెప్తారు. రెండో ప్రపంచయుద్ధంలో కాగితం కరువై ఆగిపోతే 1946లో ష్టుట్‌గార్ట్‌లో మళ్ళీ అచ్చు మొదలైంది. ఊళ్ళన్నీ శిథిలాలై ఉన్న ఏడాది అది, తినడానికి తిండి లేదు, అయినా పిల్లలకి తలుపుల అట్ట కావాలనిపించింది చూడండి.

#10 | గోదారిగట్టు | డిసెంబర్ 4, ఉదయం 7:45

బావా, ఆ గీతల సంగతి చదివితే భోగి పిడకలు గుర్తొచ్చాయి. మా ఊళ్ళో "పండగ నెల పట్టారు" అంటారు, డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం రాగానే. ఆ రోజు నుంచి పేడ దొరికితే చాలు మేము చిన్న చిన్న పిడకలు చేసి గోడకి కొట్టేవాళ్ళం, మధ్యలో వేలితో చిల్లు పెట్టి. ఎండినవి ఊడదీసి తాడుకి గుచ్చడం. మా అక్క దండ నాకన్నా పొడుగైతే రాత్రి లేచి నాలుగు పీకి నా దాంట్లో గుచ్చుకునేవాణ్ణి (అక్కా, ఇది చదువుతుంటే, ముప్పై ఏళ్ళయింది, వదిలెయ్యి). భోగి రోజు తెల్లారకుండానే నెల రోజుల కష్టం మంటలో వేస్తే రెండు నిమిషాల్లో బూడిద. ఆ రెండు నిమిషాల గురించి నాకు ఏమీ గుర్తులేదు, చలీ పొగా తప్ప. పిడకలు కొట్టడం మాత్రం చేతికి ఇంకా గుర్తుంది.

"పండగ నెల పట్టడం". ఇదేనేమో నువ్వడిగింది.

#11 | పాత పోస్టుమాస్టరు | డిసెంబర్ 4, ఉదయం 8:30

శభాష్. ఇది మాట కాదు, వాడుక. దీనికే నా ఓటు.

#12 | లెక్కల మేనల్లుడు | డిసెంబర్ 4, సాయంత్రం 6:10

పిడకలు గుర్తుండి మంట గుర్తులేకపోవడానికి శాస్త్రం ఉంది గోదారి అన్నా. 2010లో నెదర్లాండ్స్ వాళ్ళు 1,530 మంది పెద్దవాళ్ళ మీద ఒక పరిశోధన వేశారు, అందులో 974 మంది సెలవులకి టూర్ వెళ్ళొచ్చినవాళ్ళు. వెళ్ళబోయే ముందు వాళ్ళు మిగతావాళ్ళకన్నా సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక దాదాపు అందరూ మామూలే, వెళ్ళనివాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు, చాలా హాయిగా గడిచిందన్న కొద్దిమంది తప్ప. అన్నట్టు డచ్చి వాళ్ళకీ ఇదే మాట ఉంది, ఫోర్‌ప్రెట్, ముందు సరదా అని.

ఇంకొకటి, నాకు ఇష్టమైనది. జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1987లో రాసిన పేపర్. కాలేజీ పిల్లల్ని అడిగాడు, మీకు నచ్చిన సినిమా స్టార్ ముద్దు పెడుతుందంటే ఎంత ఇస్తారు? ఇప్పుడే అయితే ఎంత, 3 గంటల తర్వాత, 24 గంటల తర్వాత, 3 రోజుల తర్వాత, ఏడాదికి, పదేళ్ళకి? అన్నిటికన్నా ఎక్కువ ధర 3 రోజుల తర్వాతదానికే పలికింది. ఇప్పుడే ముద్దొస్తే తలుచుకుని మురవడానికి టైమ్ ఉండదు. పదేళ్ళంటే ఎవడికి కావాలి.

మెదడు వైపు నుంచి చూస్తే వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ పని ఉంది, ఆయనా జర్మనీలో పుట్టినవాడే. కోతులకి దీపం వెలిగించి తర్వాత పళ్ళరసం ఇచ్చేవాడు. మొదట్లో రసం నోట్లో పడ్డప్పుడు డోపమైన్ కణాలు (మెదడులో బహుమతికి స్పందించేవి) ఎగిరేవి. అలవాటయ్యాక దీపం వెలగ్గానే ఎగిరేవి, రసం వచ్చినప్పుడు కిమ్మనేవి కావు.

#13 | ఊరికే వచ్చా | డిసెంబర్ 4, సాయంత్రం 6:31

మరి దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే?

#14 | లెక్కల మేనల్లుడు | డిసెంబర్ 4, సాయంత్రం 6:40

రసం రావాల్సిన క్షణానికి ఆ కణాలు మామూలుకన్నా కిందకి పడిపోతాయి. అసలు ఏమీ ఆశించని కోతికన్నా హీనంగా.

#15 | ఊరికే వచ్చా | డిసెంబర్ 4, సాయంత్రం 6:44

అదీ! మన సామెతలు ఆ కోతిని ముందే చూశాయి. సోమలింగం పేరు పెట్టుకున్నవాడి గతి అదే. బావా, కాఫీ మిషన్ దగ్గర నువ్వు కూడా అదే కోతివి, ఏమీ అనుకోకు.

#16 | లైప్‌జిగ్ బావ | డిసెంబర్ 4, రాత్రి 9:00

అనుకోను గానీ నిజమే. ఆగస్టు నుంచి పెట్టుకున్న లెక్కంతా ఒక్క మీటింగులో పోయింది.

#17 | హాంబుర్గ్ అక్క | డిసెంబర్ 4, రాత్రి 11:15

ఆలస్యంగా చూశాను. జర్మన్లకి ముందస్తు భయాలు లేవనుకుంటే పొరపాటు. వచ్చిన కొత్తలో మా వార్డులో ఒకావిడ పుట్టినరోజు శనివారం పడింది, నాకు సెలవు కదా అని శుక్రవారమే నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పేశాను. చప్పుడు లేదు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి వద్దు వద్దు అంది. పుట్టినరోజు ముందే చెప్తే కీడు అని ఇక్కడ నమ్మకం. ముందురోజు రాత్రి పార్టీ చేసుకుంటారు, తాగుతారు, ఆడతారు, కానీ పన్నెండు కొట్టేదాకా ఆ మాట ఒక్కరి నోటి నుంచీ రాదు. మన దిష్టికి ఇది పిన్నికూతురు. కడుపుతో ఉన్న అమ్మాయిని కూడా పాత పద్ధతిలో "మంచి ఆశతో ఉంది" అంటారు, పిల్ల మాట ఎత్తరు. మనం "నీళ్ళోసుకుంది" అన్నట్టే.

అందుకే నాకు అనిపించేది, తేదీ ఖాయంగా వస్తుందని తెలిసినవాటికే వీళ్ళు ఫోర్‌ఫ్రొయ్‌డ పడతారు. క్రిస్మస్ ఎవరు ఆపగలరు? ఏప్రిల్లో వచ్చే తెల్ల ఆస్పరాగస్ అనే కూరగాయ, అది జూన్ 24కి బంద్. పిల్లాడు ఒకటో క్లాసులో చేరే రోజు ఇచ్చే పంచదార పొట్లం, మనిషంత అట్ట శంకువు నిండా మిఠాయిలు. మా వాడు దాని కోసం వేసవంతా "ఇంకా పదిసార్లు పడుకోవాలి, ఇంకా తొమ్మిదిసార్లు" అని లెక్కపెట్టాడు. ఇక్కడి పిల్లలు రోజులు లెక్కపెట్టరు, నిద్రలు లెక్కపెడతారు.

#18 | వరంగల్ తంగేడు | డిసెంబర్ 5, ఉదయం 6:30

అక్కా, మీరన్నది నాకు తాకింది. అందరూ నన్ను అడుగుతరు, జర్మనీ పోతున్నవ్, ఎంత ఖుషీగా ఉందో కదా అని. నా ఫైలు ఒక ఏజెన్సీ దగ్గర ఉంది. మొదట సెప్టెంబర్ అన్నరు, తర్వాత నవంబర్, ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేరు. సూట్‌కేసు కొన్న, అటక మీద పెట్టిన, దాని దిక్కు చూడబుద్ధి కాదు. ఇది ఫోర్‌ఫ్రొయ్‌డ కాదు, వట్టి టెన్షన్.

బతుకమ్మకి అట్ల ఉండదు. ముందురోజే గునుగుపూలు కోసుకొచ్చి, కట్టలు కట్టి, రంగుల్లో ముంచి ఆరబెట్టుకుంటం. చేతులు ఎర్రగ, పచ్చగ అయితయి, కడిగినా పోవు. తెల్లారి పండుగ వస్తదా రాదా అని ఎవరం అడగం.

#19 | హాంబుర్గ్ అక్క | డిసెంబర్ 5, ఉదయం 10:20

చెల్లీ, నాకు పర్సనల్ మెసేజ్ పెట్టు. ఏజెన్సీ లేకుండా హాస్పిటల్‌కి నేరుగా అప్లై చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే వచ్చాను. ఏ కాగితాలు కావాలో చెప్తాను. బీ1 పాసైనప్పుడు ఇక్కడ చెప్పు, ముందు చెప్పకు.

#20 | గుంటూరు ఘాటు | డిసెంబర్ 5, రాత్రి 8:50

అక్క పూర్తిగా జర్మన్ అయిపోయింది.

#21 | పాత పోస్టుమాస్టరు | డిసెంబర్ 6, ఉదయం 5:40

అమ్మాయ్ తంగేడూ, ఆ సూట్‌కేసు అటక మీంచి దింపకు గానీ తాళంచెవి ఎక్కడ పెట్టావో గుర్తుంచుకో.

బావగారూ, మీ అమ్మగారికి తేదీ మార్పు చెప్పారా? ఇన్ని పోస్టుల్లో ఆవిడ ఊసే లేదు. మా ఇద్దరబ్బాయిలూ బయటే ఉంటారు కాబట్టి అడుగుతున్నాను.

#22 | లైప్‌జిగ్ బావ | డిసెంబర్ 6, సాయంత్రం 5:25

మాస్టారూ, పట్టుకున్నారు. భయపడి చెప్పలేదు. నిన్న రాత్రి చెప్పాను. కాసేపు లైన్లో ఏమీ వినపడలేదు. తర్వాత, "ఫిబ్రవరి 7 అంటే రథసప్తమి దాటాకనా ముందా" అని అడిగి, నాకు తెలియదంటే తనే క్యాలెండర్ తెచ్చుకుని చూసి, "సర్లే, పండక్కొచ్చుంటే అరిసెలు తిని పోయేవాడివి, ఇప్పుడైతే రేగొడియాలు ఎండిపోతాయి, పట్టుకెళ్ళొచ్చు" అంది. పది నిమిషాలు రేగుపళ్ళ గురించే. ఎవరి దొడ్లో కాయ పులుపు తక్కువో, బెల్లం ఎంత, డాబా మీద ఏ మూల ఎండ బాగా పడుతుందో. ఇంకా జనవరి రాలేదు, చెట్టు మీద కాయ పండలేదు, ఆవిడ మాత్రం ఒడియాలు డబ్బాలో సర్దేసింది. మీ సోమలింగం సామెత గుర్తొచ్చింది గానీ అనలేదు.

ఇవాళ సెయింట్ నికోలస్ రోజు, నిన్న రాత్రి పాప బూట్లు తుడిచి గుమ్మం బయట పెట్టింది, పొద్దున్నే నారింజపండూ వేరుశనక్కాయలూ చూసి ఒకటే అరుపులు. ఆ హడావుడి తగ్గాక నాన్నమ్మా తాతయ్యల ఊరికి ఇంకా ఎన్నిసార్లు పడుకోవాలి అంది. లెక్కేస్తే 63. క్యాలెండర్ కొనలేం కదా అన్నాను. వీధిలో బొమ్మలేసుకునే సుద్దముక్క పట్టుకొచ్చింది. వంటింటి తలుపు మీద 63 గీతలు గీశాం ఇద్దరం, అందనివి నేను, కిందవి తను. తనవి ఒకదాని మీద ఒకటి పడి కొన్ని 7 లాగా ఉన్నాయి. అద్దె ఇల్లు, ఖాళీ చేసేటప్పుడు ఓనరు చూస్తే డిపాజిట్ సంగతేంటో.

#23 | ఊరికే వచ్చా | డిసెంబర్ 6, సాయంత్రం 5:41

సుద్ద తడిగుడ్డతో పోతుంది, చెక్క రంగు లేనిదైతే మాత్రం మరక పట్టేస్తుంది, ముందు ఓ మూల చూసుకో. వచ్చేటప్పుడు నెయ్యీ పాలకోవా సూట్‌కేసులో పెట్టుకోకు, యూరప్ బయటి నుంచి పాల సరుకూ మాంసమూ తేనివ్వరు, దొరికితే అక్కడే చెత్తబుట్టలో వేస్తారు. రేగొడియాలకి పర్లేదు, మరీ పది కిలోలు తెచ్చి అనుమానం తెప్పించకు.

#24 | గోదారిగట్టు | డిసెంబర్ 6, రాత్రి 7:10

ఊరికే వచ్చిన అన్న సాయం చేశాడు, స్క్రీన్‌షాట్ తీసుకున్నా. బావా, రేపు 62వ గీత ఫోటో పెట్టు.

#25 | లైప్‌జిగ్ బావ | డిసెంబర్ 6, రాత్రి 7:32

పెడతాను. ఇవాళ్టిది పడుకునే ముందు చెరపాలా పొద్దున్న లేచాకా అని ఇంట్లో ఇంకా తేలలేదు.